ఆన్‌లైన్ క్యాసినో బోనస్‌ల అసలు విలువ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్నకు నేరుగా వెళ్లొచ్చు. లెక్కల్లో వాడిన మొత్తాలు ఉదాహరణలే, మీకొచ్చిన ఆఫర్‌లోని అంకెలు వేసుకుని చూసుకోండి. మా మాట ముందే చెప్తున్నాం: తెలంగాణలో కూర్చుని ఆడేవారికి ఈ బోనస్‌ల విలువ సున్నా కంటే తక్కువ. ఆ మాటకు లెక్క ఇది.

## ఆఫర్ కనబడ్డప్పుడు

వంద శాతం బోనస్ అంటే నా పైసలు డబుల్ అయినట్టేనా?

కాదు. 5,000 వేస్తే స్క్రీన్ మీద 10,000 కనిపిస్తుంది. అందులో బోనస్ 5,000 మీది కావాలంటే ముందు షరతు తీరాలి, అంటే సైటు చెప్పినన్ని రెట్ల పందేలు కాయాలి. ఎనుమాముల మార్కెట్‌లో పాడిన ధర వేరు, కోతలన్నీ పోయాక తక్‌పట్టీలో మిగిలే మొత్తం వేరు కదా, ఇదీ అంతే. తేడా ఏమిటంటే ఇక్కడ కోతలు బోనస్ కంటే ఎక్కువ కూడా కావచ్చు. విలువ కట్టే సూత్రం ఒక్కటే: బోనస్ మొత్తంలోంచి, షరతు తీరేలోపు సగటున పోయే సొమ్ము తీసేయాలి. మిగిలిందే విలువ.

50 ఫ్రీ స్పిన్లు ఉత్తగనే ఇస్తున్నరు, పోయేదేముంది?

స్పిన్ అంటే స్లాట్‌లో, అంటే తెర మీద బొమ్మల చక్రాలు తిరిగే ఆటలో, ఒక్క తిప్పు. దాని విలువ ఎంతో ముందు చూడండి. ఒక్కోటి 10 రూపాయలదైతే 50 స్పిన్లకు 500 రూపాయలు, సగటున 480 దాకా గెలుస్తారు. ఆ 480 బోనస్ ఖాతాలో పడుతుంది. దాన్ని 40 రెట్లు ఆడాలంటే 19,200 రూపాయల పందేలు కాయాలి. నూటికి నాలుగు పోయే ఆటలో అంత తిప్పితే సగటు నష్టం 768. చేతిలో ఉన్నది 480 మాత్రమే కాబట్టి ఎక్కువ మందికి మధ్యలోనే సున్నా అవుతుంది. కలిసొచ్చి పెద్ద మొత్తం తగిలినా ఫ్రీ స్పిన్ల మీద గరిష్ఠ విత్‌డ్రా పరిమితి ఉంటుంది. 20,000 గెలిచి 2,000 మాత్రమే చేతికొచ్చే పద్ధతి అది.

డిపాజిట్ లేకుండనే 500 ఇస్తమంటున్నరు. తీసుకుంటే తప్పేంది?

అలాంటి ఆఫర్లకు షరతు మరీ గట్టిగా ఉంటుంది. 50 రెట్లంటే 25,000 పందెం, సగటు నష్టం 1,000. పైగా విత్‌డ్రా పెట్టగానే "ఖాతా ధ్రువీకరణకు ఒక్క డిపాజిట్ చేయండి" అంటారు. అప్పటికే మీ ఆధార్, పాన్, సెల్ఫీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఎక్కడిదో తెలియని సైటుకు ఆ మూడూ ఇచ్చేసుకోవడమే ఇందులో మీరు కట్టే ధర.

దోస్తును చేరిస్తే 1,000 ఇస్తరట, నిజమేనా?

దోస్తు పేరు నమోదు చేస్తే చాలదు. అతను డిపాజిట్ చేసి, ఇంత అని పందెం ఆడాకే ఇస్తారు. ఆ సొమ్ము చాలాసార్లు అతను పోగొట్టుకున్న దాంట్లోంచే వస్తుంది. టెలిగ్రామ్‌లో సిగ్నల్స్, విమానం ఆటకు (విమానం ఎగిరిపోకముందే సొమ్ము తీసుకోవాల్సిన పందెం) హ్యాక్ అంటూ లింకులు పంచేవారికి వచ్చేదీ ఇలాంటి కమీషనే. తర్వాతి రౌండు ఎక్కడ ఆగుతుందో నిజంగా తెలిసినవాడికి మీకు లింకు పంపాల్సిన అవసరం ఉండదు.

వాట్సాప్‌ల ఏజెంట్ ఐడీ ఇచ్చి, పది శాతం ఎక్స్‌ట్రా కాయిన్స్ వేస్తుండు. సైటు కంటే నయమేనా?

ఇంకా అన్యాయం. సైటులో పేరుకైనా రాతపూర్వక నిబంధనలు ఉంటాయి, ఐడీ దగ్గర ఏజెంట్ మాటే నిబంధన. మీరు గెలిచిన రోజు నంబర్ బ్లాక్ అయితే అడగడానికి ఎవరూ ఉండరు. పైసలు వేయమని ఇచ్చే యూపీఐ ఐడీ వారం వారం మారుతుంటే అవి మ్యూల్ ఖాతాలని, అంటే మోసపు సొమ్ము తిప్పడానికి అద్దెకు తీసుకున్న వేరేవాళ్ల ఖాతాలని అనుమానించాలి.

## నిబంధనలు చదివేటప్పుడు

వేజరింగ్ 35ఎక్స్ అని రాసిండ్రు. అంటే ఏంది?

బోనస్‌కు 35 రెట్ల విలువైన పందేలు కాసేదాకా సొమ్ము తీయనివ్వరని అర్థం. 5,000 బోనస్‌కు 1,75,000. ఇది జేబులోంచి వేయాల్సిన మొత్తం కాదు. ఉన్న బ్యాలెన్స్‌నే గెలుస్తూ ఓడుతూ తిప్పగా అయిన పందేల కూడిక. 20 రూపాయల స్పిన్ ఒకటి వేస్తే గెలిచినా ఓడినా లెక్కలో 20 చేరుతుంది.

ఇప్పుడు ఆట కోత వేయండి. ఆర్‌టీపీ (పందేల్లోంచి ఆటగాళ్లకు సగటున తిరిగొచ్చే శాతం) 96 ఉన్న స్లాట్‌లో క్యాసినో వాటా 4 శాతం. 1,75,000లో 4 శాతం 7,000. వచ్చిన బోనస్ 5,000, షరతు ఖర్చు 7,000, అంటే ఈ ఆఫర్ సగటున 2,000 రూపాయల నష్టం. బ్యాలెన్స్ ముందే సున్నా అయితే అక్కడితో ఆట ఆగిపోతుంది కాబట్టి అందరికీ కచ్చితంగా ఇంతే పోదు. కొందరికి మొత్తం పోతుంది, కొద్దిమందికి మిగులుతుంది, ఎక్కువ మంది షరతు తీరకుండానే ఖాళీ చేతులతో బయటపడతారు.

ఎన్ని రెట్లుంటే పర్వాలేదు అనుకోవచ్చు?

వందను క్యాసినో వాటా శాతంతో భాగించండి. 4 శాతం వాటా ఉన్న ఆటకు 25 వస్తుంది. 25 రెట్ల దగ్గర లాభం నష్టం సమానం, దాటితే సగటున నష్టమే. 6 శాతమైతే ఆ గీత 16 దగ్గరే పడుతుంది. పోల్చుకోవడానికి చెప్తున్నాం, బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి అక్కడి లైసెన్సుదారులను 10 రెట్లు దాటనివ్వడం లేదు. ఇక్కడి ఫోన్లకు వచ్చే ఆఫర్లలో 30, 40, 50 మామూలే.

"డిపాజిట్ ప్లస్ బోనస్" అని చిన్న అక్షరాలల్ల ఉంది. ఫరక్ ఉంటదా?

చాలా ఉంటుంది. 35 రెట్లు బోనస్ మీదైతే 1,75,000. డిపాజిట్, బోనస్ రెండూ కలిపి 10,000 మీదైతే 3,50,000, సగటు ఖర్చు 14,000. స్క్రీన్ మీద ఉన్నదే 10,000 అయినప్పుడు 14,000 పోయే షరతును తీర్చడం అదృష్టం మీద వదిలేయడమే. ఆఫర్ బొమ్మ మీద ఈ మాట వేయరు. "బోనస్ నిబంధనలు" పేజీలో "వేజరింగ్" అన్న పదం వెతికితే దాని పక్క వాక్యంలోనే దొరుకుతుంది.

ఆర్‌టీపీ 96 అంటే నేను వంద పెడితే 96 వస్తయా?

లక్షలాది స్పిన్ల సగటు అది, మీ సాయంత్రం లెక్క కాదు. ప్రతి పందెం మీద 4 శాతం కోత పడుతుంది కాబట్టి అదే వంద మళ్లీ మళ్లీ తిప్పినకొద్దీ కరుగుతుంది. ఇంకో సంగతి, ఒకే స్లాట్‌ను తయారీదారులు 96, 94, 92 ఇలా వేర్వేరు సెట్టింగులతో అమ్ముతారు, ఏది తీసుకోవాలో సైటు ఇష్టం. గూగుల్‌లో కనబడ్డ అంకె కాదు, ఆట లోపలి సమాచారం బటన్ నొక్కితే వచ్చే పేజీలో ఉన్న అంకె చూడాలి. 94 అయితే 1,75,000 మీద సగటు నష్టం 10,500.

స్లాట్లు నచ్చవు. తీన్‌పత్తి, అందర్ బాహర్, రూలెట్ ఆడి షరతు తీర్చొచ్చా?

చాలా సైట్లలో స్లాట్ పందెం నూటికి నూరు లెక్కిస్తారు, టేబుల్ ఆటలను 10 శాతం, 5 శాతం, లేదా అసలు లెక్కించరు. కారణం తేలికే. ఆ ఆటల్లో క్యాసినో వాటా తక్కువ. ఒక సున్నా ఉన్న రూలెట్‌లో (అంకెల చక్రం మీద బంతి తిప్పే ఆట) 2.70 శాతం, బాకారా అనే పత్తాల ఆటలో బ్యాంకర్ వైపు పెడితే 1.06, పద్ధతిగా ఆడే బ్లాక్‌జాక్ పత్తాల ఆటలో దాదాపు అర శాతం. అందర్ బాహర్‌లో మొదట పత్తా పడే వైపు 51.5 శాతం గెలుస్తుంది. అందుకే ఆ వైపుకు వందకు 90 మాత్రమే చెల్లిస్తే వాటా 2.15 శాతం, వందకు వంద చెల్లించే రెండో వైపు 3 శాతం.

రూలెట్‌కు 10 శాతం లెక్కింపు అనుకోండి. 1,75,000 షరతు తీరాలంటే 17,50,000 తిప్పాలి. దాని మీద 2.70 శాతం అంటే 47,250. తక్కువ కోత ఆటను ఎంచుకుని తెలివి చూపించామనుకుంటే, లెక్కింపు శాతం దగ్గర ఆ తెలివంతా పోతుంది.

స్టిక్కీ, నాన్ స్టిక్కీ అంటున్నరు. ఏది తీసుకోవాలె?

స్టిక్కీలో బోనస్ ఆడటానికే, విత్‌డ్రా పెట్టగానే ఆ మొత్తం కోసేస్తారు. మామూలు రకంలో షరతు తీరాక బోనస్ కూడా తీసుకోవచ్చు. నాన్ స్టిక్కీలో ముందు మీ సొంత పైసలతో ఆట నడుస్తుంది, అవి అయిపోతేనే బోనస్ మొదలవుతుంది. అంతకుముందే గెలిస్తే బోనస్ వదిలేసి మీ సొమ్ము తీసుకుని పోవచ్చు. కాగితం మీద ఆటగాడికి ఎక్కువ అనుకూలం ఈ మూడోదే, అందుకే అరుదు.

## ఆడుతున్నప్పుడు

ఏడు రోజులల్ల పూర్తి చేయాలన్నరు. అయితదా?

1,75,000ను 20 రూపాయల స్పిన్లుగా విడగొడితే 8,750 స్పిన్లు. నిమిషానికి పది చొప్పున ఆగకుండా నొక్కితే పద్నాలుగున్నర గంటలు పడుతుంది. ఏడు రోజులకు పంచితే రోజుకు రెండు గంటల పైనే. గడువు దాటితే బోనస్, దాంతో వచ్చిన గెలుపు రెండూ రద్దు. ఈ తొందరలోనే స్పిన్ సైజు పెంచడం మొదలవుతుంది, బ్యాలెన్స్ ఆవిరయ్యేది అక్కడే.

ఒక్కటే పెద్ద పందెం కొట్టి, తగిలితే మెల్లగ షరతు తీర్చుకుంటే?

లెక్కప్రకారం ఆలోచన తప్పు కాదు. పెద్ద ఒడిదుడుకులున్న పందెంతోనే బోనస్ విలువ పెరుగుతుంది. సైట్లకూ అది తెలుసు. అందుకే బోనస్ నడుస్తున్నంతసేపూ ఒక్కో పందేనికి గరిష్ఠ పరిమితి పెడతారు. 500 పరిమితి ఉన్నచోట ఒక్కసారి 510 వేసినా మొత్తం గెలుపు రద్దు చేసే హక్కు రాసుకుంటారు. చాలా సైట్లలో సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని అప్పుడు ఆపదు, విత్‌డ్రా రోజున మీ పందేల రికార్డు తీసి చూపిస్తుంది. స్లాట్‌లో "ఫీచర్ కొనుగోలు" (ప్రత్యేక రౌండును పైసలు పెట్టి కొనే బటన్) నొక్కినా దాని పూర్తి ధరను పందెంగానే చూస్తారు. రూలెట్‌లో ఎరుపు, నలుపు రెండింటి మీదా సమానంగా పెట్టడం కూడా నిషిద్ధ ఆట జాబితాలోదే.

హాస్టల్‌ల నలుగురం నాలుగు ఖాతాలు తెరిచి నాలుగు బోనస్‌లు తీసుకోవచ్చా?

"ఒక మనిషికి, ఒక ఇంటికి, ఒక ఐపీ అడ్రసుకు ఒక్కటే" అనే నిబంధన దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఒకే వైఫై మీద నాలుగు ఖాతాలు కనబడితే నాలుగూ మూస్తారు. డిపాజిట్ చేసినప్పుడు మాత్రం ఎవరూ అడగరు.

క్యాష్‌బ్యాక్ అయితే నయమే కదా?

మిగతా వాటికంటే నయం, కానీ మూడు చూడాలి. మొదటిది, అది పందెం మీదనా, నికర నష్టం మీదనా. వారానికి లెక్క కడితే బుధవారం గెలుపు శుక్రవారం నష్టాన్ని మింగేసి క్యాష్‌బ్యాక్ సున్నా కావచ్చు. రెండోది, చేతికి నగదుగా వస్తుందా, బోనస్‌గా వస్తుందా. 10,000 పోయి 10 శాతం కింద 1,000 వచ్చిందనుకోండి. దానికి 5 రెట్ల షరతు ఉంటే 5,000 పందెం, సగటు ఖర్చు 200, అసలు విలువ 800. అదే 30 రెట్లయితే మిగిలేది ఏమీ లేదు. మూడోది గరిష్ఠ పరిమితి. ఏది ఎలా ఉన్నా 9,000 పైచిలుకు పోయిన సంగతి మారదు.

వీఐపీ పాయింట్లు పెరుగుతున్నయి, వదిలేస్తే వేస్ట్ అయితయి కదా?

వెయ్యి రూపాయల పందేనికి ఒక పాయింటు, పాయింటుకు ఒక రూపాయి అనుకుందాం. ఆ వెయ్యి తిప్పడానికి 4 శాతం చొప్పున 40 రూపాయలు పోయాయి. నలభై పోగొట్టి ఒకటి తెచ్చుకునే లెక్కలో వదిలేస్తే వృథా అయ్యేది ఏమీ లేదు.

## విత్‌డ్రా పెట్టినప్పుడు

విత్‌డ్రా వారం నుంచి పెండింగ్‌ల ఉంది. ఏం చేయాలె?

ఆ పెండింగ్ సమయంలో "రద్దు చేసి మళ్లీ ఆడండి" బటన్ పక్కనే కనబడుతుంది, కొత్త బోనస్ మెసేజ్ కూడా వస్తుంది. రెండూ నొక్కకండి. కొత్త బోనస్ తీసుకుంటే పాత గెలుపుకు కూడా కొత్త షరతు అంటుకోవచ్చు. బోనస్ నిబంధనల పేజీ, పందేల చరిత్ర, చాట్ సంభాషణ స్క్రీన్‌షాట్లు తేదీతో సహా దాచుకోండి, సైటు నిబంధనలు తర్వాత మార్చేయొచ్చు. లొకేషన్ మార్చే యాప్ వాడి ఖాతా తెరిచి ఉంటే సొమ్ము ఆపడానికి సైటుకు అదొక్కటే చాలు.

"గెలిచిన సొమ్ముకు టాక్స్ ముందు కట్టండి, తర్వాత రిలీజ్ చేస్తం" అంటున్నరు.

మోసం. టీడీఎస్ అనేది ఇచ్చేవాడు ఇచ్చే సొమ్ములోంచి కోసుకుని కట్టేది. గెలిచినవాడు ఎవరి యూపీఐకో ముందు పంపేది కాదు. ఒకసారి కడితే "జీఎస్టీ", "అన్‌లాక్ ఫీజు", "బ్యాంకు ధ్రువీకరణ" అంటూ వరుస సాగుతుంది. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, మొత్తం చేతిలో పెట్టుకోండి. సొమ్ము అవతలి ఖాతా నుంచి కదలకముందే ఆపగలిగేది మొదటి కొన్ని గంటల్లోనే.

విత్‌డ్రా వచ్చింది, తెల్లారి నా బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయింది. ఎందుకు?

మీకు సొమ్ము పంపిన ఖాతాలోకి మరెక్కడో సైబర్ మోసంలో పోయిన పైసలు వచ్చి ఉంటాయి. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే గొలుసులోని ఖాతాలన్నింటికీ పోలీసుల ఆదేశం వెళ్తుంది. వేరే రాష్ట్రం స్టేషన్ కూడా కావచ్చు. బ్రాంచికి వెళ్లి ఫిర్యాదు అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, స్టేషన్ పేరు, ఆపిన మొత్తం రాతపూర్వకంగా అడగండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది విడుదల చేయమని దర్యాప్తు అధికారికి స్టేట్‌మెంట్ జతచేసి రాయొచ్చు. ఆ సొమ్ము ఎక్కడిదని అడుగుతారు, అప్పుడు క్యాసినో సంగతి చెప్పక తప్పదు. ఆ నెల జీతం కూడా అదే ఖాతాలో పడితే 2,000 బోనస్ ఎంత ఖరీదైందో వేరే చెప్పనక్కర్లేదు.

## చట్టం, పన్ను

తెలంగాణల ఆన్‌లైన్ క్యాసినో ఆడితే నేరమా?

అవును. 1974 గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవన్నీ దాని కిందికి తెచ్చారు. రమ్మీ నైపుణ్యం ఆట అన్న మినహాయింపు కూడా తీసేశారు. ఆడుతూ దొరికినవారికీ ఈ చట్టంలో శిక్ష ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ కేంద్ర చట్టం నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్లు, 50 లక్షల దాకా పెట్టింది. రీల్స్‌లో లింకు పెట్టి కమీషన్ తీసుకునేవారు ఈ రెండో మాట గుర్తుపెట్టుకోవాలి.

సైటుకు కురసావ్ లైసెన్స్ ఉంది కదా?

ఆ లైసెన్స్ ఆ దీవి చట్టానికి సంబంధించినది, ఇక్కడ ఆడటానికి అనుమతి కాదు. బోనస్ ఇవ్వలేదని ఇక్కడి వినియోగదారుల ఫోరానికో కోర్టుకో పోయినా, నిషిద్ధమైన పందెం సొమ్ము ఇప్పించమని అడిగినట్టే అవుతుంది. వసూలు చేసుకునే దారి లేని హామీకి లెక్కలో ఎంత విలువ వేస్తారో మీరే చూసుకోండి.

గెలిస్తే పన్ను ఎంత? బోనస్‌కు కూడా పడతదా?

ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం, పైన సెస్సు. స్లాబు వర్తించదు, ఇతర ఖర్చులు తీసేయనివ్వరు. సొంత డిపాజిట్ తీసేస్తారు గానీ బోనస్‌ను మీ డిపాజిట్‌గా చూడరు. 5,000 సొంతం, 5,000 బోనస్‌తో ఆడి చివరికి 9,000 తీసుకుంటే, స్క్రీన్ మీది పదివేలల్లో వెయ్యి పోయినట్టు అనిపిస్తుంది. పన్ను లెక్కలో మాత్రం 4,000 గెలుపు, దాని మీద 1,200 పన్ను. విదేశీ సైటు టీడీఎస్ కోయకపోయినా రిటర్నులో చూపి కట్టాల్సిన బాధ్యత మీదే.

మరి గోవా పోయినప్పుడు ప్యాకేజీల ఇచ్చే ఫ్రీ చిప్స్ సంగతేంది?

అక్కడ క్యాసినోలకు అనుమతి ఉంది, 21 ఏళ్లు నిండాలి. మాండవి నది పడవల మీద ప్యాకేజీతో ఇచ్చేవి ఎక్కువగా ఒక్కసారి ఆడే చిప్స్. గెలిస్తే గెలుపు ఇస్తారు, చిప్ వెనక్కి ఇవ్వరు. కాబట్టి 2,000 చిప్ విలువ 2,000 కాదు. ఒక సున్నా రూలెట్‌లో ఎరుపు మీద పెడితే గెలిచే అవకాశం 37లో 18, విలువ 973 రూపాయలు. ఒకే అంకె మీద పెడితే 35 రెట్లు వస్తుంది కాబట్టి సగటు విలువ 1,892కు ఎక్కుతుంది, కానీ 37 సార్లలో 36 సార్లు ఉత్త చేతులే. అలా పెట్టనిస్తారో లేదో కౌంటర్‌లో ముందే అడగండి. ప్యాకేజీ 3,500 అయితే 973 తీసేసి, మిగిలిన 2,527 భోజనానికి, ప్రవేశానికి ఇస్తున్నట్టు అనుకోండి. ఆ ధరకు ఆ భోజనం కొంటారా అన్నదే ప్రశ్న.

## చేయి దాటుతున్నప్పుడు

పోయినవి రాబట్టుకోవాలె. రీలోడ్ బోనస్ వచ్చింది, ఐదువేలు మిత్తికి తెచ్చి వేయనా?

వద్దు. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, నెలకు 150. రీలోడ్ బోనస్ (మళ్లీ డిపాజిట్ చేస్తే ఇచ్చేది) సాధారణంగా వంద శాతం కూడా ఉండదు, 50 శాతం దొరికినా షరతు ఖర్చు దాన్ని తినేస్తుంది. ఓడిన మర్నాడే ఆఫర్ రావడం కాకతాళీయం కాదు, మీ డిపాజిట్లు, నష్టాలు చూసే పంపుతారు.

మా తమ్ముడు ఆపుతలేడు. ఇంట్లోవాళ్లం ఏం చేయాలె?

తిట్టి ఫోన్ గుంజుకుంటే ఇంకో ఫోన్‌లో ఆడతాడు, అప్పులు దాస్తాడు. ముందు అప్పుల జాబితా అతనితోనే రాయించండి: యాప్ లోన్లు, బంగారం మీద తెచ్చినవి, చేబదుళ్లు. అన్నీ ఒకేసారి తీర్చి చేతిలో నగదు పెట్టకండి. అప్పు ఇచ్చినవారికి నేరుగా కట్టండి. జీతం పడే ఖాతా వేరు, యూపీఐ ఉన్న ఖాతా వేరు చేసి, రెండో దాంట్లో వారం ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించే వీలుంటే తగ్గించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కూడా చూపించుకోవచ్చు. బోనస్ ఎస్ఎంఎస్‌లు ఆగాలంటే అతని నంబరు నుంచే 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ పెట్టించాలి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులకు అది పనిచేయదు, వాటిలోంచి ఒక్కొక్కటిగా బయటికి రావాల్సిందే.